ట్యాంకు కింది సన్న పైపులు

నలభై ఏళ్ళు దాటింది. ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. ఈలోగా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, రిటైరయ్యాను, నాన్న పోయారు. ఆ మాట మాత్రం కదల్లేదు. ఇప్పటికీ ఏ పెళ్ళి హాల్లో అడుగు పెట్టినా ముందు పైకప్పు చూస్తాను, తర్వాత తలుపు ఎంత దూరమో చూస్తాను, అప్పుడు కూర్చుంటాను. మావారు దాన్ని చాదస్తమంటారు. అలాగే అనుకోనిచ్చాను. ఆయనకు చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నాను? మీరు మా నాన్నను ఎరగరు. మా ఊళ్ళో నన్ను మెచ్చుకున్నవాళ్ళలో మీరు లేరు. అందుకే కావచ్చు.

మాది తిరువూరు. నాన్న అక్కడొక హైస్కూల్లో హెడ్మాస్టరు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, డెబ్బైల నడుమ హైదరాబాదులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. అప్పట్లో కంప్యూటరంటే ఒక గదంతా. అట్ట కార్డుల మీద కన్నాలు కొట్టి, వాటిని కట్టగా పేర్చి లోపలికి ఇస్తే, ఎప్పటికో కాగితాల మీద జవాబు వచ్చేది. మా గదిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నేను చిన్న తప్పు చేసినా అది నా తప్పుగా ఉండదనీ, ఆడవాళ్ళకి ఇలాంటి పనులెందుకనే మాటగా మారుతుందనీ నాకు మొదటి వారంలోనే అర్థమైంది. ఇది సాకు కాదు. సాకేనేమో. నాకిప్పటికీ తెలియదు.

నా పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నా తప్పేమిటో మీకు తెలియదు.

ఇంజనీర్లు పెద్ద పైకప్పుల లెక్కలు మా దగ్గరికి తెచ్చేవారు. పైకప్పును చుక్కలూ గీతలుగా గీస్తారు. పైపులు కలిసే చోటు చుక్క, పైపు గీత. ప్రతి చుక్కకూ ఒక నంబరు. ఏ చుక్క ఏ చుక్కతో కలిసిందన్నది ఒక పెద్ద గళ్ళ పట్టికలో పడుతుంది. చుక్కలు రెండు వందలుంటే గళ్ళు వేలకు వేలు. అందులో దాదాపు అన్నీ సున్నాలే. మా మెషీన్‌కు ఉన్న కాస్త చోటులో ఆ సున్నాలన్నీ పట్టేవి కావు. అందుకని పక్కపక్క చుక్కలకు దగ్గర దగ్గర నంబర్లు వచ్చేలా వరుస మార్చాలి. అప్పుడు అంకెలున్న గళ్ళన్నీ పట్టిక మధ్యలో ఒక సన్నని పట్టీగా చేరతాయి. ఆ పట్టీని దాచుకుంటే సరిపోతుంది.

దానికోసం నేను మూడు చిన్న ప్రోగ్రాములు రాశాను. ఒకటి చుక్కల జాబితా చదివి తప్పులు పట్టేది. రెండోది ఒక మూల చుక్క దగ్గర మొదలుపెట్టి, దాని పక్కవాటికీ, మళ్ళీ వాటి పక్కవాటికీ నంబర్లు వేసుకుంటూ పోయి, చివర్లో మొత్తం వరుసను తిరగేసేది. మూడోది, పాత నంబర్ల మీద రాసిన బరువుల్ని కొత్త నంబర్లకు మార్చేది. మూడింటికీ మూడు కార్డుల కట్టలు. ప్రతి కట్ట పైన ఒక కార్డు, ఆ కార్డు మీద ఒకే ఒక్క వరుస: ఏం చెయ్యాలి, ఏ పట్టిక తీసుకోవాలి. ఆ ఒక్క వరుస కొట్టి ఇస్తే మిగతాదంతా మెషీన్ చూసుకునేది. సెంటర్లో అందరూ వాటిని వాడేవారు. నా పేరుతోనే పిలిచేవారు. ఎంత గర్వంగా ఉండేదో.

ఆ రోజుల్లోనే నాన్న స్కూలుకు ప్రార్థన హాలు కట్టడం మొదలైంది. మధ్యలో స్తంభాలు లేకుండా, పైనంతా ఇనప పైపుల అల్లిక. వేదిక ఉన్న కొస మీద, ఆ అల్లిక పైనే నీళ్ళ ట్యాంకు. స్కూలు కమిటీ బెజవాడ నుంచి ఒక కుర్ర ఇంజనీరును పెట్టుకుంది. లెక్క పెద్దదనీ చేత్తో చెయ్యలేననీ ఆయన అంటే, నాన్న మా అమ్మాయి చేసిపెడుతుందని మాటిచ్చారు. మా సెంటరు పెద్దలు ఒప్పుకున్నారు. నేను చేశాను. కాగితాలు కట్టగట్టి బస్సులో తిరువూరు పంపాను. ఆ అంకెలు చూసి ఇంజనీరు ఎక్కడ లావు పైపు, ఎక్కడ సన్న పైపు అని రాసుకున్నాడు.

తప్పు ఆ మూడో ప్రోగ్రాములో ఉంది.

ఒక క్లాసులో పిల్లలందరినీ లేపి వేరే బెంచీల్లో కూర్చోబెట్టారనుకోండి. ఏ పిల్లవాడు ఏ బెంచీకి వెళ్ళాడో ఒక జాబితా. ఏ బెంచీలో ఏ పిల్లవాడున్నాడో ఇంకో జాబితా. రెండూ అంకెల పక్కన అంకెలే. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి తీసుకోవాల్సిన చోట నేను రెండోది తీసుకున్నాను. ముందు చిన్న బొమ్మ మీద సరిచూసుకోకపోలేదు. కానీ ఆ చిన్న బొమ్మలో వరుస చివరి నుంచి మొదటికి తిరగబడిందంతే. అలాంటప్పుడు రెండు జాబితాలూ ఒకటే అవుతాయి. తప్పు కనబడలేదు. పెద్ద పైకప్పుకు వచ్చేసరికి ట్యాంకు మోసే నాలుగు చుక్కల బరువు ఎక్కడో గోడల దగ్గరి చుక్కల మీద పడింది. మొత్తం బరువు మాత్రం ఇసుమంత తేడా లేకుండా సరిపోయింది. మొత్తం సరిపోయిందని నేను సంతోషించాను.

ఇంతవరకు పొరపాటు. పొరపాట్లు అందరూ చేస్తారు. నేను చెప్పదలచుకున్నది దీని తర్వాతది.

ఆ క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు నాన్న నన్ను హాలు పని చూడ్డానికి తీసుకెళ్ళారు. గోడలు లేచాయి. పైపులు నేల మీద వరుసగా పరిచి ఉన్నాయి. వాటిని అతుకుతున్నది యోహాను. రెడ్డిగూడెం మనిషి, తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీద వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. గేట్లు, కిటికీ ఊచలు, బండి ఇరుసులు, ఏదైనా చేసేవాడు. నాన్న దగ్గర చదువుకున్నాడు, మా చర్చికే వచ్చేవాడు. నాన్న అవతల మేస్త్రీతో మాట్లాడుతుంటే, యోహాను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మసి వేళ్ళతో డ్రాయింగు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“అమ్మాయిగారూ, ఒక మాట అడగొచ్చా అండి?”

“అడుగన్నా.”

“ట్యాంకు ఈ కొసన గదండీ వచ్చేది. దాని కింద పైపులు సన్నవి రాశారేంటండి? లావు పైపులన్నీ ఆ గోడ పక్కకి పోయినాయి.”

“బరువు తిన్నగా కిందికే దిగదన్నా. అన్ని పైపులూ పంచుకుంటాయి. అది కంప్యూటర్ వేసిన లెక్క.”

“అట్టాగా. మళ్ళా ఒకసారి చూసుకున్నారా అండి?”

“చూశాను.”

“మీరు చూశారంటే ఇంక చాలండి.”

నేను చూడలేదు. అడిగిన క్షణంలోనే అతను చెప్పేది నిజమేమో అనిపించింది. పదో తరగతి దాటని మనిషి, పైపుల్ని చేత్తో ఎత్తి చూసి బరువు తెలుసుకునే మనిషి, నా అంకెల్లో నాకు కనబడనిది చూశాడు. ఆ అనుమానాన్ని నేను అణిచేశాను. ఒక వెల్డరు అడిగితే వెనక్కి వెళ్ళి లెక్క సరిచూసుకోవాలా అనిపించింది. అవును, అలాగే అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

హాలు తయారైంది. ట్యాంకు పైకెక్కింది, ఇంకా నీళ్ళు పట్టలేదు. మే నెలలో సెంటర్లో ఇంకెవరిదో టవరు లెక్క నా ప్రోగ్రాములతో నడిపితే అర్థంలేని జవాబు వచ్చింది. ఎక్కడ తప్పిందో వెతకమని నాకిచ్చారు. రెండు రోజులు కార్డు కార్డూ తిప్పాను. మూడో రోజు ఉదయం ఆ రెండు జాబితాల తేడా కనిపించింది. మొదట సంతోషమేసింది, తప్పు దొరికిందని. ఆ వెంటనే హాలు గుర్తొచ్చింది.  

హాలు లెక్కను మళ్ళీ నడిపాను, వేరే పని పేరు పెట్టి, ఎవరికీ తెలియకుండా. ట్యాంకు నిండితే దాని కింది పైపుల మీద పడే బరువు, అవి మోయగలిగినదానికి దాదాపు రెట్టింపు. ఆ కాగితాన్ని చింపి, ముక్కల్ని నా చేతి సంచిలో వేసుకుని హాస్టలుకు తీసుకెళ్ళి పారేశాను. నా తప్పుడు కార్డు ఒక్కటి మార్చాను. అంతకుముందు ఎవరెవరు దాన్ని వాడారో వెతికాను. అన్నింట్లోనూ బరువులు సమానంగా ఉన్నవే, తేడా రాదు. మిగిలింది మా హాలు ఒక్కటే.

చెప్పొచ్చు కదా. ఒక ఉత్తరం. ఒక టెలిగ్రాం. ట్యాంకు దించండి, లెక్క తప్పింది. ఎన్నిసార్లు రాశానో ఆ ముక్కలు, ఎన్నిసార్లు చింపానో. సెంటర్లో ఏమంటారు? కమిటీ ముందు నాన్న తల ఎక్కడ పెట్టుకుంటారు? ఇలా అనుకుంటూనే ఇంకో భయం. రోజూ పొద్దున ప్రార్థనకు నాన్న నిలబడేది ఆ వేదిక మీద. ట్యాంకు ఆయన నెత్తి మీద. సిగ్గుకు భయపడ్డానా, చావుకు భయపడ్డానా? రెండూ ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నట్టు ఉండేది. చివరికి ఒక ఉత్తరం రాశాను. కొత్త ఇనుము సర్దుకోవడానికి టైము పడుతుందట నాన్నా, మొదటి ఆరు నెలలు ట్యాంకు సగానికి మించి నింపనివ్వకండి అని. పచ్చి అబద్ధం. సగం నీళ్ళకైతే ఆ పైపులు ఆగుతాయి, అది లెక్క కట్టి చూసుకున్నాను. నాన్న వెంటనే జవాబు రాశారు. అలాగే చేస్తున్నామమ్మా, నువ్వు చెప్పడం మంచిదైంది అని. ఆ పోస్టుకార్డు చదివి ఏడ్చాను. అయినా నోరు తెరవలేదు.

ఆరు నెలలు ఎందుకన్నాను? ఆ లోపల ఏదో ఒక దారి దొరుకుతుందనుకున్నాను. స్కూళ్ళు తెరిచాక రోజూ పొద్దున ప్రార్థన వేళకు నా చేతిలో పని ఆగిపోయేది. గోడ గడియారం చూసేదాన్ని. ఆ పదిహేను నిమిషాలూ దాటాక ఊపిరి పీల్చుకునేదాన్ని. మళ్ళీ మర్నాడు.

నవంబరులో గడువు దగ్గరపడింది. చెప్పేద్దామని సెలవు పెట్టి వచ్చాను. ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. నాన్న ముందు కూర్చోవడం, స్కూలు సంగతులు వినడం, లేచిపోవడం. మూడో రోజు రేడియోలో తుఫాను అన్నారు. అదే దివిసీమను ఉప్పెన ముంచిన తుఫాను. సముద్రం మాకు చాలా దూరం, కానీ గాలీ వానా మమ్మల్నీ వదల్లేదు. పొద్దున్నుంచే గుడిసెల వాళ్ళు పిల్లల్నీ మూటల్నీ పట్టుకుని స్కూలు హాలుకు రావడం మొదలుపెట్టారు. ఊళ్ళో గట్టి కప్పు అదొక్కటే అని అందరి నమ్మకం.

మధ్యాహ్నం నేను హాలుకు వెళ్ళేసరికి మోటారు నడుస్తున్న చప్పుడు. పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్నాయి. పరుగెత్తి నాన్నను అడిగాను. కరెంటు పోతుంది, ఇంతమందికి నీళ్ళు కావాలి, అందుకని నిండా పట్టమన్నానని చెప్పారు. నువ్వన్న ఆరు నెలలు నిండాయి కదమ్మా అన్నారు. నిజమే. ఆయన నా మాటే పాటించారు. నేను ఇప్పటికైనా ఆపండి అనబోయాను. అంతలో మోటారు ఆగింది. కరెంటు పోయిందనుకున్నాను. ట్యాంకు నిండిందని ఎవరో అరిచారు.

వేదిక కింద నిలబడి పైకి చూశాను. నడిమి పైపు ఒకటి విల్లులా ఉంది. నా కళ్ళే అలా చూస్తున్నాయా?  అప్పుడు కూడా, ఆ క్షణంలో కూడా, నిజం చెప్పలేదు. గాలి ఇటునుంచి కొడుతోంది, అద్దాలు పగులుతాయి, అందరూ అవతలి తలుపు వైపు రండి అని కేకలేశాను. హెడ్మాస్టరుగారమ్మాయి చెప్పిందని జనం కదిలారు. పిల్లల్ని చేతులు పట్టి లాగాను. నాన్నను కూడా లాక్కొచ్చాను. వేదిక వైపు ఖాళీ అయింది.

మార్తమ్మ మాత్రం మళ్ళీ వెళ్ళింది. ఆమె స్కూల్లో నీళ్ళు పట్టే ఆయా. ఎవరి పిల్లో దాహమంటే చెంబు తీసుకుని వేదిక పక్క కుళాయి దగ్గరికి వెళ్ళింది. అద్దాల భయమేగా, ఆ మూల కిటికీ లేదుగా అనుకుందట. కప్పు కూలిపోతుందని నేను చెప్పి ఉంటే వెళ్ళేదా?

పెద్ద చప్పుడేమీ కాదు. ముందు ఒక మూలుగు, ఇనుము మూలిగినట్టు. తర్వాత నీళ్ళు. ఆ తర్వాత ఆ కొస అంతా కిందికి వాలింది. ట్యాంకు వేదిక మీద పడింది. మార్తమ్మ బతికింది. ఎడమ కాలు మోకాలి కిందికి లేకుండా బతికింది.

ఆ తర్వాత జరిగింది నేను ఎవరికీ చెప్పుకోలేనిది. నన్ను పొగిడారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు నా పేరెత్తి దేవుడికి స్తుతులు చెల్లించారు. అంతమందిని ఆ పిల్ల చేత రక్షించాడన్నారు. ఆడవాళ్ళు నా చేతులు కళ్ళకద్దుకున్నారు. మార్తమ్మ ఆసుపత్రి మంచం మీద నుంచి, నీ మాట వినని పాపానికి నాకిట్టా అయిందమ్మా అంది. తలవంచుకుని కూర్చున్నాను. దాన్ని వాళ్ళు వినయమనుకున్నారు.

తుఫాను తగ్గిన వారానికి కమిటీ కూర్చుంది. ఇంజనీరు నా కాగితాలు బల్ల మీద పెట్టాడు. లెక్క కంప్యూటరు వేసింది, ఆ లెక్క ప్రకారమే పైపులు రాశాను, మరి పడిందంటే అతుకుల్లోనే లోపం అన్నాడు. పెద్దలు నా వైపు తిరిగారు. లెక్కలో ఏమైనా తేడా ఉందా అమ్మా అని అడిగారు. యోహాను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లెక్క సరిగ్గానే ఉందండి అన్నాను. 

యోహాను నా వైపు చూశాడు. డిసెంబరులో అడిగానండి, చూశానన్నారు అని అంటాడనుకున్నాను. అనలేదు. నాన్న వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఎందుకనలేదు? నాన్న మీద గౌరవమా? నేను నిజంగానే చూశాననుకున్నాడా? తన అతుకుల మీద తనకే అనుమానం పుట్టిందా? ఈ మూడోది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. మంచి పనివాడికి తన చేతి మీద తనకే నమ్మకం పోయేలా చేశానా?

ఊళ్ళో అది సామెతయింది. గేటు ఊడినా, చక్రం కదిలినా, యోహాను అతుకులే అని నవ్వేవారు. గంపలగూడెం నుంచి వచ్చే రైతులు కూడా అతని షాపు దాటుకుని వేరే షాపుకు వెళ్ళేవారు. ఏడాది తిరక్కుండా షాపు ఎత్తేసి, పెళ్ళాం బిడ్డలతో కొత్తగూడెం వైపు వెళ్ళిపోయాడు.

అతన్ని మళ్ళీ ఒక్కసారే చూశాను, నాన్న పోయినప్పుడు. జుట్టంతా తెల్లబడింది. వెనక వరుసలో నిలబడ్డాడు. అందరూ వెళ్ళాక దగ్గరికి వెళ్ళాను, చెప్పేద్దామనే వెళ్ళాను. పిల్లలెంతమంది అమ్మాయిగారూ అని అడిగాడు. ఇంకా ఆ కంప్యూటరు పనేనా అని అడిగాడు. అవునన్నాను. మంచిదండి అన్నాడు. బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. అతని మాటలో ఏ ముల్లూ లేదు. ఉంటే బాగుండేది. తర్వాత కొన్నేళ్ళకు యోహాను కూడా పోయాడని తెలిసింది. మార్తమ్మ అంతకుముందే పోయింది. ఇప్పుడు నన్ను నిలదీయడానికి ఎవరూ లేరు. అయినా భయం తగ్గలేదు. పెరిగింది. క్షమించమని అడగడానికి మనిషి లేనప్పుడు ఆ అడగడం ఎవరి కోసం? నా కోసమే. అందుకే అడగను.

ఒక్క సంగతి మిగిలింది. ఇది కమిటీకి తెలియదు, ఇంజనీరుకు తెలియదు, యోహానుకు కూడా తెలియదు. కప్పు వాలిన వెంటనే అందరూ మార్తమ్మ వైపు పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. కానీ ఆమె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, నా కళ్ళు పైపుల్ని వెతికాయి. పడ్డ కుప్పలో నాకు కనిపించిన అతుకులు పద్దెనిమిది. లెక్కపెట్టాను. పైపులు వంగాయి, మెలికలు తిరిగాయి, ఒకటి చీలింది. అతుకు ఒక్కటీ విడలేదు. ఆ తర్వాత మార్తమ్మను బయటికి తియ్యడానికి మగవాళ్ళు గునపాలతో ఆ అతుకుల దగ్గరే కొట్టి కొట్టి విరగ్గొట్టారు. కమిటీ చూసింది ఆ విరగ్గొట్టిన వాటిని.

యోహాను అతుకులు గట్టివి. లెక్క తప్పు, ఆ లెక్క నాది. ఈ రెండు ముక్కలూ ఇంతకు ముందు నేను ఏ కాగితం మీదా రాయలేదు, పైకి అని చూసుకోలేదు. ఇప్పుడు రాశాను.  ఊపిరి లోపలి దాకా వెళ్తోంది.